చూడలేదన్న మాట

ఒక మాట నా గొంతులో ఏళ్లుగా ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే, ఎప్పటిలాగే తప్పును ఇంకొకరి మీదికి తోసి లేచి వెళ్లిపోయేవాణ్ణి.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు జరిగిన అవమానాన్ని నేను మరిచిపోను. నా పెళ్లి పందిట్లో మా బాపును వెనక వరసలో కూర్చోబెట్టిన వాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను. సిద్దిపేట కచ్చేరిలో రాతకోతల నౌకరీ చేసినన్నాళ్లూ అర్జీలు పెట్టాను. కుర్చీ కాలు విరిగిందని పెట్టాను, నాకంటే చిన్నవాడికి ముందు జీతం పెంచారని పెట్టాను. చాలావాటిలో న్యాయం నాదే. ఇప్పటికీ అదే అంటాను. ఈ ఒక్కదానిలో కాదు.

అవి నిజాం సర్కారు రోజులు. ఎక్కడో యుద్ధం నడుస్తుంటే ఇక్కడ దీపాలకు గ్యాసునూనె దొరికేది కాదు. నౌకరీ దిగిన మాకు నెలనెలా వచ్చే పింఛనును వజీఫా అనేవాళ్లం. మా వజీఫాదారులకు ఒక ఏర్పాటు ఉండేది. కచ్చేరిలోని ఖజానాలో వజీఫా ఇచ్చేటప్పుడే అందులో కొంత కోసుకుని మిగిలింది చేతిలో పెట్టేవారు. ఆ కోతకు బదులుగా, జబ్బు చేస్తే దవాఖానలో ఖరీదైన మందులు, సూదులు ఊరికే ఇచ్చేవారు. ఏ నెల కోత పడకపోతే ఆ నెల దవాఖానలో హక్కు ఉండదు.

ఈ ఏర్పాటు కోసం కాళ్లరిగేలా తిరిగింది విఠలయ్య. కచ్చేరిలో నా పక్క బల్ల అతనిదే. మా వాడలోనే ఇల్లు. చుట్టరికం లేకపోయినా వరసకు బావా అని పిలిచేవాడు. అందరి ఒప్పుదల తీసుకున్న రోజు, కచ్చేరి వరండాలో నేనొక్కణ్ణే అడ్డం చెప్పాను. జబ్బు లేనివాడు మందుకు ఎందుకు కట్టాలి? పోనీ కట్టాడే అనుకోండి, ఒక్క నెల తప్పితే హక్కు పోవడం ఏం న్యాయం? ఇదే మాట మీద అర్జీ కూడా రాశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

విఠలయ్య నవ్వి అందరి ముందూ అన్నాడు. "నువ్వు సచ్చిన్నాడు గూడ కట్టెలు తడిగున్నయని అర్జీ రాసినంకనే పంటవ్ బావా!"

వరండా అంతా నవ్వింది. మంచినీళ్లు అందించే జవాను కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి అన్నం తినలేదు.

తరువాత రెండేళ్లకు విఠలయ్యకు ఒంటికి నీరు పట్టింది. కాళ్లు వాచి పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. దవాఖానలో సూది వేస్తే నీరు దిగి, కొన్నాళ్లు మనిషి తేరుకునేవాడు. మళ్లీ పట్టేది. మళ్లీ సూది. ఆ సూదులు అతని కోతలోనే వస్తున్నాయి.

కచ్చేరికి నడిచి రాలేనివాడి వజీఫా ఇంటికి పంపాలంటే, అదే వాడలోని ఇద్దరు వజీఫాదారులు అతన్ని బతికుండగా కళ్లారా చూశామని ఖజానా గుమాస్తా ముందు చెప్పాలి. పోయినవాళ్ల పేరున ఎవరూ వజీఫా తినకుండా పెట్టిన కట్టడి అది. మా వాడలో వజీఫాదారులం ముగ్గురమే. విఠలయ్య, నేను, పోలీసు జమేదారుగా దిగిన ఒక ముసలాయన.

ఆ నెల వజీఫా రోజు పొద్దున విఠలయ్య అరుగు మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

"బావా, కచ్చేరికేనా? నేను బతికే ఉన్ననని జెర చెప్పు. మళ్ల గీదాని మీద గూడ అర్జీ పెట్టకు!"

అని నవ్వబోయి దగ్గాడు. నేను తల ఊపి ముందుకు నడిచాను. కచ్చేరి దాకా నా చెవుల్లో ఆ వరండా నవ్వే.

గుమాస్తా పేరు చదివాడు. "విఠలయ్యను కండ్లార చూసిన్రా?"

"పొద్దున్నే చూసిన," అన్నాడు జమేదారు.

గుమాస్తా నా వైపు తిరిగాడు.

"నేను చూడలే," అన్నాను.

"అదేందయ్యా, ఆయన అరుగు ముందటికెల్లే కద నువ్వొచ్చేది?" అన్నాడు జమేదారు.

"చూడంది చూసిన్నని ఎట్ల చెప్త? సర్కారు పైసతోటి ఆటనా?"

గుమాస్తా విఠలయ్య పేరు పక్కన పెట్టాడు. నేను నా వజీఫా తీసుకుని వచ్చేశాను.

ఒక్క నెల ఆగితే ఏమవుతుంది, వచ్చే నెల రెండూ కలిపి ఇస్తారు కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? వజీఫా ఇవ్వకపోతే కోత పడదని, కోత పడకపోతే సూది ఉండదని నాకు తెలియదా? దాని మీద అర్జీ రాసింది ఎవరు? ఆ తాలూకాలో ఆ కట్టడి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

సాయంత్రం విఠలయ్య అడిగాడు. చెప్పాను గానీ గుమాస్తా వినలేదన్నాను. అతను నమ్మాడు. జమేదారు అటునుంచి అటే దుబ్బాకలో బిడ్డ ఇంటికి పోయాడు. కాదనేవాళ్లు లేరు.

మళ్లీ నీరు పట్టింది. దవాఖానలో ఈ నెల హక్కు లేదన్నారు. వజీఫా రాని ఇంట్లో సూది కొనే స్తోమత ఎక్కడిది? విఠలయ్య భార్య సత్తెవ్వ మా ఇంటికి వచ్చింది.

"అన్నా, నువ్వు మంచిగ రాస్తవట. ఒక అర్జీ రాసియ్యి," అంది.

రాశాను. గుమాస్తా అన్యాయం చేశాడని రాశాను. నా అర్జీలన్నిటిలోకీ అదే బాగా కుదిరింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. అప్పుడైనా లేచి దవాఖానకు పోయి, నా చేతిలో ఉన్నది పెట్టి సూది వేయించవచ్చు. ఎందుకు పోలేదు? పోతే ఎందుకని అడుగుతారేమోనని. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

అర్జీకి జవాబు రాకముందే విఠలయ్య పోయాడు.

ఆ రోజు ముసురు. కట్టెలు తడిశాయి. చితి అంటుకోదు, పొగ తప్ప మంట లేదు. కట్టెలమ్మిన వాణ్ణి అందరూ తిడుతున్నారు. ఎవరో నన్నే అడిగారు. "నువ్వేం మాట్లాడవేంది?"

పొగలో నిలబడ్డాను.

జమేదారు తిరిగి వచ్చాక ఏమీ అడగలేదు. నేనున్న బల్ల మీద కూర్చోవడం మాత్రం మానేశాడు. నా అర్జీ పుణ్యమా అని గుమాస్తాను దూరం ఊరికి మార్చారు. సత్తెవ్వ మాత్రం నేను కనిపించినప్పుడల్లా, మా కోసం రాసింది నువ్వొక్కనివే అన్నా అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఇంకో వీధి నుంచి పోయి ఉండవలసింది అనుకుంటాను.

ఇప్పుడు సర్కారు మారింది. వజీఫా వస్తోంది, కోత పడుతోంది. ఈ మధ్య నా కాళ్లూ వాస్తున్నాయి. దవాఖానలో సూది వేస్తున్నారు. దిగుతోంది. పోయిన నెల నేను కచ్చేరికి పోలేకపోయాను. నన్ను కళ్లారా చూశామని, ఆ తరువాత నౌకరీ దిగిన మా వాడవాళ్లు ఇద్దరు చెప్పారు. నా పేరు చదవగానే చెప్పారట, గుమాస్తా రెండోసారి అడగనేలేదట.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. ఆ పని చేయవలసినవాడు లేడు. సత్తెవ్వకు చెప్పే ధైర్యం నాకు లేదు, రాదు కూడా. ఆ రోజు గుమాస్తా అడిగినదానికి జవాబు ఒకటి బాకీ ఉంది. అది మీకు చెబుతున్నాను.

చూశాను. కళ్లారా చూశాను. ఆ పొద్దున విఠలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు.