రాజాత్తి చూపించిన మహల్

రాజాత్తి ఆంధ్రా బస్సెక్కి లేచిపోయిందని ఆ సోమవారం పొద్దున తమిళనాట తళవాయిపురమంతా చెప్పుకున్నారు. మంచి చీర కట్టుకొని డ్రైవరు పక్కన కూర్చొని పోతుంటే కళ్లారా చూశానని పక్కింటి మారిసెల్వి ఒట్టు కూడా పెట్టుకుంది.

బస్సెక్కిన మాట నిజమే.

పదిహేనేళ్లు నూలు మిల్లులో పనిచేసిన రాజాత్తికి దూది దుమ్ము పడక దగ్గు పట్టుకుంది. ఇక మిల్లు వద్దని డాక్టరు తేల్చేశాడు. వేరే పని చూసుకోవాలి. రాజపాళయంలో నరసింహన్ నడిపే లాడ్జిలో ఆంధ్రా యాత్రికులు దిగుతుంటారు. మదురైలో వాళ్లకు తెలుగులో చెప్పి చూపించే మనిషి ఆయనకు కావాలి. రాజాత్తి ఇంట్లో మాట తెలుగే.

"పెండ్లికి ముందు నువ్వు మదురై మహల్లో ఊడ్చినావు కదా? ఈ ఒక్క ఆదివారం పోయి రా. బాగుందని వాళ్లు చెప్పినారంటే పని నీదే."

"లేకుంటే, అయ్యా?"

"ఇంకొకరిని చూసుకుంటా."

ఆ ఆదివారం దారిలో శ్రీవిల్లిపుత్తూరు గుడి చూసి పాలకోవా కొట్లో దూరిన యాత్రికులు గంటన్నరకు గానీ బయటికి రాలేదు. పిలవడానికి మొహమాటపడి రాజాత్తి బస్సు తలుపు పట్టుకొని నిలబడింది. మదురై చేరేసరికి మీనాక్షి గుడి మూసేశారు. మళ్లీ నాలుగింటికే తీస్తారు.

"టైము తెలియని మనిషిని పంపాడా మీ ఓనరు?" అని ఒకాయన గసిరాడు.

"అసలు ఈవిడ మాట్లాడేది తెలుగేనా?" అంది ఒక పెద్దావిడ. అందరూ నవ్వారు.

ఇక పని పోయినట్టే అనుకుంది రాజాత్తి. "అంతదాకా మహల్ చూస్తాము, రండి," అంది మెల్లగా.

తిరుమల నాయకుని మహల్లోకి రాగానే మాత్రం ఆమె భయం తగ్గింది. నాలుగేళ్లు తాను ఊడ్చిన నేల అది. ఒక స్తంభం దగ్గర ఆగింది.

"ముగ్గురు చేతులు పట్టుకొని దీన్ని చుట్టండి."

గసిరినాయన, ఆయన భార్య, పెద్దావిడ చుట్టారు. వేళ్లు అందలేదు.

"నాలుగో మనిషి కావల్ల. దీని చుట్టూ చీపురు తిప్పినానంటే నడుము విరిగిపోతాది. తడిమి చూడండి. సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి పూసినారంట. అందుకే ఈ నునుపు."

"కట్టించిన రాజు ఏ భాషవాడమ్మా?" అంది పెద్దావిడ.

"ఆయనింట్లోనూ మన తెలుగేనంట, అవ్వా. మా పెద్దోళ్లూ ఆ కాలంలోనే ఈ పక్క వచ్చినారంటారు. ఇప్పుడాయన లేచి వస్తే నా మాదిరి మాట్లాడతాడా, మీ మాదిరి మాట్లాడతాడా? మీరే చెప్పండి!"

పెద్దావిడ పగలబడి నవ్వింది. "గడుసుదానివే! పద, నువ్వు ఊడ్చిన చోటల్లా చూపించు."

సింహాసనం ఉండే చోటు, తల వెనక్కి వాల్చి చూడాల్సిన గుమ్మటం, పావురాలు కాపురముండే మూలలు, అన్నీ చూపించింది. నాలుగింటికి గుడి తీశారు. దర్శనం అయ్యాక గసిరినాయనే నరసింహన్‌కు ఫోను చేశాడు. "వచ్చే నెల మా ఊరివాళ్లు వస్తున్నారు. ఈ అమ్మనే పంపండి."

ఊరు చెప్పుకున్న కథలో లేనిది ఒకటే. ఆంధ్రా బస్సు ఆ సాయంత్రమే రామేశ్వరం దారి పట్టింది. రాజాత్తి మదురైలోనే దిగి, మామూలు బస్సులో ఆ రాత్రే ఇల్లు చేరింది. సోమవారం పొద్దున్నే నరసింహన్ లాడ్జికి వెళ్లి, వచ్చే ఆదివారం బస్సు ఎన్నింటికో కనుక్కుంది.