ఒక్క స్టారు

ఇయ్యాల మహబూబాబాద్ టేషన్ కాడ ఫోన్ల బుక్ చేసి ఆటోల దవాఖానకు పోయిన. డ్రైవర్ పిలగాడు మంచిగ తోలిండు. దిగినంక ఫోన్ స్టార్లు అడిగింది. ఒకటంటే బడిల ఫస్టు వచ్చినట్టని ఒక్కటే నొక్కి, సంబురంగ పిలగానికి సూపెట్టిన.

"ఏంది అవ్వా, గిట్ల జేసినవ్? ఒకటంటే అన్నిట్ల తక్కువ. నా ఐడీ బంద్ పెడ్తరు!"

"తీసెయ్ బిడ్డా, మళ్ల నొక్కుత."

"ఇగ రాదవ్వా" అని మొకం తిప్పుకొని పోయిండు.

నా కొడుకు హైదరాబాద్‌ల క్యాబ్ నడిపేటోడు. ఎక్కినోళ్లు బాగలేదన్నరని వాని ఐడీ బంద్ పెట్టిన్రు. బతుకుదెరువుకు లారీ డ్రైవర్‌గ ఎక్కి, యాక్సిడెంట్ల పోయిండు. గట్లన్నోళ్లను రోజూ తిట్టుకుంటున్న. వాళ్లు గుడ నా లెక్కనే వాన్ని మెచ్చుకొని ఒకటి నొక్కిన్రేమో.

ఇంటికొచ్చినా ఆ పిలగాడే కండ్లల్ల మెదులుతుండు. ఇగ నేనెవలను తిట్టాలె? మీల ఎవరన్న గిట్ల నొక్కిన్రా?