ఘాటనుకున్న ఆయాసం

నాగభూషణం మాస్టారు నిన్న వేకువన గుండె ఆగి పరమపదించారన్న వార్త విన్నప్పుడు దుఃఖం కంటే ముందు నన్ను భయం ఆవహించింది. చెప్పుకోవడానికి సిగ్గేముంది? నేను పుట్టు పిరికివాణ్ణి. పరుగులో ఊపిరి అందనప్పుడు అది ఉత్త ఆయాసమో, ప్రాణం మీదికి వచ్చిందో తేల్చి చెప్పే మనిషి నాకు ఆయనొక్కరే. ఆయనే ఊపిరాడక పోయారంటే ఇక నా గతేమిటి?

ప్రత్తిపాడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పదవీ విరమణ చేశాక, నలభై దాటిన మా బోటి వాళ్ళను పోగుచేసి రోజూ పొద్దున్నే కాలవకట్ట మీద పరిగెత్తించడం ఆయన వ్రతంగా పెట్టుకున్నారు. నాది పురుగుమందుల కొట్టు. షుగరు వచ్చిందని గుంటూరు బ్రాడీపేట డాక్టరు నన్ను నడవమన్నాడు. "నడక ముసలాళ్ళకయ్యా, నువ్వు నాతో రా" అన్నారు మాస్టారు.

మొదటి రోజు పత్తిచేల దాకా కూడా పోలేదు. కుడి డొక్కలో కత్తి దించినట్టు పోటు. గట్టు మీద కూలబడి, "మాస్టారూ, మా ఆవిడకి ఫోన్ చెయ్యండి" అన్నాను. ఆయన తొణకలేదు.

"పొద్దున్నే ఏం తిన్నావు?"

"పెరుగన్నమండి."

"గిన్నెడు పెరుగన్నం తిని, కుక్క తరిమినట్టు ఉరికితే డొక్కలో పొడవదూ? లే. నెమ్మదిగా నడువు. నొప్పి ఉన్నచోట చేత్తో అదిమి, కాస్త ముందుకు వంగి, ఊపిరంతా బయటికి వదిలెయ్."

కాసేపటికి నొప్పి పోయింది. నా భయం మాత్రం పోలేదు. దాన్ని ఆయన ఎన్నడూ ఎగతాళి చేయలేదు.

"మాట్లాడుతూ పరిగెత్తలేకపోతే అది పరుగు కాదు, పారిపోవడం" అనేవారు. అందుకే పరుగంతా కబుర్లే. మార్కెట్ యార్డులో మిరప ధరెంత, పత్తికి గులాబీ పురుగు తగిలిందా అని నన్ను అడుగుతూనే ఉండేవారు. నా జవాబు తెగితే వేగం తగ్గించేవారు. ఆ ప్రశ్నలు నా శ్వాసకు కొలతలని చాలాకాలం నాకు తెలియలేదు. "ఆగాక కూడా రొప్పు తగ్గకపోతే, రొమ్ము మీద బరువు పెట్టినట్టుంటే, నా దగ్గరికి రావద్దు, డాక్టరు దగ్గరికి పో" అని కొత్తగా చేరినవారికల్లా చెప్పేవారు.

ఈ ఏడు కట్టకు రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. మిరప ఆరే రోజుల్లో మా ప్రాంతంలో దగ్గుకీ, ఆయాసానికీ, కళ్ళ మంటకీ అన్నిటికీ ఒకటే పేరు, ఘాటు. మాస్టారు పరుగు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మేం తేరుకున్నాక కూడా ఆయన మైలురాయి పట్టుకుని రొప్పుతూనే ఉండేవారు.

"గుంటూరు పోయి చూపించుకుందామండీ" అన్నాను.

"ఘాటయ్యా. కళ్లాలు ఖాళీ అయితే అదే పోతుంది."

మిరప పండించేవాళ్ళం, ఘాటు సంగతి మాకు తెలియదా? అందరం తలలూపాం. కళ్లాలు ఇంకా ఖాళీ కాలేదు.

దహనసంస్కారాలయ్యాక ఆయన భార్య నన్ను పక్కకు పిలిచారు. "పడుకోలేక కూర్చునే కునికేవారు నాయనా. ఘాటు లోపలికి కొడుతోందని నేనే కిటికీలన్నీ బిగించి మూసేదాన్ని" అన్నారు.

ఈ ఉదయం మేమెవరమూ కట్ట మీదికి వెళ్ళలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, రెండు ఆటోల్లో బ్రాడీపేట వెళ్ళి వరుసగా కూర్చున్నాం. నా వంతు వచ్చింది. రొమ్ము మీద తీగలు అంటించి, కాగితం చూసి డాక్టరు, "మీకేం లేదండీ, నిక్షేపంగా పరిగెత్తండి" అన్నాడు.

లేచి చొక్కా బొత్తాలు పెట్టుకున్నాను. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు ఆ పరీక్ష. మా అందరికీ ఊపిరి తీయడం, వదలడం నేర్పిన ఆ మహనీయుణ్ణి ఒక్కసారి, బలవంతంగానైనా, ఆ బల్ల మీద పడుకోబెట్టినవారు లేకపోయారు.