ఉట్టిలో కెమెరా, వలిసె చేను పైన

“ఒక్క తాడుకి యేలాడదీత్తే బొంగరంలా తిరగదేటే?”

“నీకు తెలీదులే అమ్మమ్మా. రెండు నెలల్నుంచి దీని మీదే ఉన్నాను.”

“ఆ రెండు నెలల బొమ్మలూ సూసాను. సగం మబ్బులు, సగం నీ కాళ్ళు.”

పొద్దున్న ఏడున్నరకి కొత్తవలస స్టేషన్లో నాకూ నా మనవరాలు మణికీ జరిగిన గొడవ ఇది. గాలిపటానికి కెమెరా కట్టి పైనుంచి ఫొటోలు తీయాలని దాని పట్టుదల. అరకు దగ్గర పల్లెలో సోమి అని దాని స్నేహితురాలి తల్లి ఉంది. వానల్లో జారి కాలు విరిగితే, ఈ ఏడు వలిసెలు, అవే పసుప్పచ్చగా పూసే నూనెగింజలు, అల్లుడు చల్లాడు. బాగా చల్లానంటాడు. తన కళ్ళతో చూస్తేగాని వచ్చే ఏడు విత్తనాలు అతని చేతికివ్వనంటుంది ఆమె. ఆ కాలితో కొండెక్కి చేనుకి పోలేదు. పూత రాలేలోగా చేనంతా పైనుంచి ఫొటో తీసి చూపిస్తానని మణి మాటిచ్చేసింది. దాన్ని ఒంటరిగా పంపలేక నేనూ బయల్దేరాను.

రైలు ఏడూ ముప్పావుకి వచ్చింది. జనరల్ టికెట్టు చాలు. కిటికీ కావాలంటే ఎక్కేటప్పుడు మొహమాటపడకూడదు. ఎదుటి పెద్దమనిషి, “ఆ సంచిలో ఏటున్నాదమ్మా?” అనడిగాడు.

“గాలిపటం.”

“ఈ వయసులోనా?”

“ఇంకెప్పుడు ఎగరేత్తాను?”

ఆయన కాస్త జరిగి సంచికి చోటిచ్చాడు. బొర్రాలో జామకాయలొచ్చాయి. పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి కొనలేదు.

పదకొండు దాటాక అరకులో దిగి, షేర్ ఆటోలో సోమి ఇంటికి చేరాం. ఆమె అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. “ఇప్పుడు గాలుండదమ్మా. పొద్దు తిరిగాక వత్తాది. మేం సామలు తూర్పారబట్టేది అప్పుడే,” అంది.

మణి వినలేదు. ఇంటి వెనక కొండెక్కి చేను దగ్గర గాలిపటం ఎగరేస్తే రెండుసార్లు కూలింది. సోమి చెప్పినట్టే మూడింటికి గాలి లేచింది, గాలిపటమూ లేచింది. దించి చూస్తే ఫొటోల్లో గిర్రున తిరిగిన పసుపు తప్ప ఏమీ లేదు. మణి కళ్ళలో నీళ్ళు.

“ఏడుపు తరవాత. దారం బేగి ఇటు తే.”

నా చదువు మూడో తరగతితో ఆగింది గాని ఉట్టి అల్లడం ఆగలేదు. కెమెరా ఉన్న సబ్బుపెట్టెకి నాలుగు మూలలా నాలుగు తాళ్ళు కట్టి, గాలిపటం దారానికి మూరెడు ఎడంగా రెండు చోట్ల ముడేశాను. పెరుగు ఒలకనివ్వని ఉట్టి కెమెరాని తిరగనిస్తుందా? మణి మళ్ళీ ఎగరేసింది, ఈసారి ఫొటోలు నిలకడగా వచ్చాయి.

సాయంత్రం సోమి, ఫొటోలు ఎక్కించిన మణి ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. అల్లుడు గుమ్మం బయటే నిలబడ్డాడు. చేనంతా పసుపు, రాళ్ళ మధ్య కూడా. ఎక్కడా బోడి లేదు.

“ఆ రాళ్ళ మద్దిన నానెప్పుడూ సల్లలేదు,” అంది సోమి.

“నాను సల్లాను కదత్తా.”

ఆమె మళ్ళీ ఫోన్లోకి వంగింది. మేం అక్కడే పడుకున్నాం. అరకు వెళ్ళేవాళ్ళు దుప్పటి మరవద్దు.

మర్నాడు పొద్దున్నే సోమి అటక మీంచి విత్తనాల ఆనపబుర్ర దింపించి అల్లుడి చేతిలో పెట్టింది. మేం ఏడింటి బస్సెక్కాం. అరకులో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. నేను చూసింది ఒక్క చేను, అదీ కాకి చూసినట్టు. చాలు. దారిలో మణి ఉట్టి విప్పి మళ్ళీ తనే కట్టింది. మూడో ముడి తప్పింది. విప్పించి కట్టించాను.