మావయ్య సాక్ష్యం

మావయ్య పోయాడని ఆయన కూతురే ఫోన్ చేసి చెప్పింది. "వదినా, నాన్న ఎల్లిపోనారు. నువ్వు వస్తావా?" అంది. మేనమామ పోతే మేనకోడల్ని ఎవరూ అలా అడగరు. ఎందుకలా అడిగిందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. వెళ్ళాను. కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపులో సగం కోపమే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, మా మావయ్య దగ్గర మంచికి కరువు లేదు. నాన్న పోయాక అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. గోగు పండించేవాడు. ఊరబెట్టిన గోగు కట్టల నుంచి నార తీసిన రోజున ఆ చేతుల కంపు ఏ సబ్బుకీ వదిలేది కాదు. ఆ చేతులతో నేను కుడుతున్న బట్టని ముట్టుకునేవాడు కాదు. దూరంగా నిలబడి, "అంచు వంకర పోతన్నాది సూడమ్మీ" అనేవాడు. నిజంగానే వంకర పోయేది. తొక్కుడు మిషను కొనిచ్చి, అదే ఊళ్ళో అమ్మకీ నాకూ వేరే ఇల్లు చూసిపెట్టిందీ ఆయనే. "సేతిలో పనున్నోలు ఒకల ముందు సెయ్యి సాపక్కర్లేదు" అన్నాడు ఆ రోజు. బస్సు టిక్కెట్టు మడిచి గడియారం పట్టీ కింద దోపుకునేవాడు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా అది అక్కడే ఉండేది.

ఒకసారి గజపతినగరంలో లైనింగు గుడ్డలు కొనుక్కుని ఇద్దరం బస్సు కోసం నడిచి వస్తున్నాం. ఆయన దుకాణాల వైపు, నేను రోడ్డు వైపు. వెనక నుంచి ఒక తెల్ల కారు వచ్చి నన్ను గుద్దేసింది. నాకు గుర్తున్నది అంతే. ఆగకుండా పోతున్న కారు నంబరు చూసి పోలీసులకి చెప్పింది మావయ్యే. అది శృంగవరపుకోట వైపు ఒక రైసుమిల్లు యజమానిది. నా కుడి మోకాలు మళ్ళీ వంగలేదు. వంగని కాలితో మిషను తొక్కేదెలా?

పెద్దమనుషులు రాజీ పడమన్నారు. మావయ్య వినలేదు. విజయనగరంలో కోర్టు ఎదురుగా మేడ మీద కూర్చునే ఒక ప్లీడరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. మెట్లెక్కలేకపోతే రెక్క పట్టుకుని ఎక్కించాడు. ప్లీడరు అంతా విని మావయ్య వైపు తిరిగాడు. "ఆ కారుకి బీమా గడువు అయిపోయింది. నష్టపరిహారం మిల్లాయనే ఇచ్చుకోవాలి, అంచేత ఊరుకోడు. రోడ్డు మీదున్నోలంతా మాకేటి తెలుసంతన్నారు. సూసినోరు మీరొక్కరే. కాలు ఎలాగూ పోయింది, సాక్షి పోకూడదు. సివరిదాకా నిలబడతారా?"

మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నా మేనకోడలండి. నాను నిలబడకపోతే ఎవుడు నిలబడతాడు?"

ఆ మాట విన్నాకే వకాల్తా మీద సంతకం పెట్టాను.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. ప్రతి వాయిదాకీ మావయ్య నా వెంట వచ్చాడు. ఈలోగా పెద్దమనుషులు రాజీకి ఇంకో దారి చూసుకున్నారు. మిల్లు యజమాని కొడుక్కి మావయ్య కూతుర్ని అడిగారు. వియ్యం కలిశాక కయ్యం దేనికంటారు మా వైపు, ఎన్నో తగువులు అలాగే చల్లారాయి. పిల్ల చక్కనిది, చదువుకున్నది. కేసూ పోతుంది. వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

అత్త బొట్టు పెట్టి పెళ్ళికి పిలవడానికి వచ్చింది. మావయ్య వీధిలోనే నిలబడి, "కేసు కేసే, పెళ్ళి పెళ్ళే" అన్నాడు. నమ్మాను. వంగని కాలు చాపుకుని పెళ్ళికూతురి జాకెట్లు చేత్తో కుట్టాను. విందులో మిల్లు యజమాని స్వయంగా నా ఆకులో బూరె వేసి, "తినమ్మా, ఇప్పుడు మనం సుట్టాలం" అన్నాడు. సిగ్గులేని నోరు, తిన్నాను.

మావయ్య బోనెక్కిన రోజున ఆ వియ్యంకుడు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మావయ్య ఆయన వైపూ చూడలేదు, నా వైపూ చూడలేదు. "నాను సంచీ సూసుకుంతన్నానండి. కారు సూడలేదు. నంబరు ఎవులో సెప్తే సెప్పాను" అన్నాడు. మా ప్లీడరు మళ్ళీ అడిగాడు. మావయ్య మళ్ళీ అదే చెప్పాడు.

కోర్టు మెట్ల మీద ఆపి అడిగాను. "ఏటి మావయ్యా అది? కారు సూసావా, లేదా?"

"నీకు కాలే పోనాది అమ్మీ" అన్నాడు. "నా కూతురికి ఇల్లే పోతాది."

అంటే నా కాలు పోయినా పరవాలేదనుకున్నాడు. పెంచిన మనిషి నోట ఆ మాట విన్నాను. కేసు కొట్టేశారు. దెబ్బ తగిలిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ నొప్పి పుట్టింది నాకు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. కొన్నాళ్ళకి ఆయనే మోటారు తెచ్చి నా మిషనుకి బిగించాడు. మాట్లాడకుండానే బిగించాడు, నేనూ మాట్లాడకుండానే బిగించనిచ్చాను. ఎడమ కాలితో కుట్టడం నేర్చుకున్నాను. ఇవాళ నేను తినే అన్నం దాని మీదే. ఆ రుణం కాదనను. ఆ అబద్ధమూ మరిచిపోను.

నేను ఎక్కడికి బయల్దేరినా ఆయనకి ఎలా తెలిసేదో, వచ్చి పక్కన నడిచేవాడు. ఎప్పుడూ రోడ్డు వైపే. పలకరించినా నేను పలికేదాన్ని కాదు. వెనక హారన్ వినిపిస్తే చాలు, నా ముందు చెయ్యి అడ్డంగా చాచి ఆగిపోయేవాడు. కారు దాటిపోయేదాకా దించేవాడు కాదు. చూడని కారుకి ఇంత బెదురేమిటని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే ఏం చెప్పేవాడో.

పాడె రోడ్డెక్కాక ఊరి చివరదాకా వెనకే నడిచాను. వియ్యంకుడూ అల్లుడూ ముందు నడుస్తున్నారు. అందరూ వెళ్ళాక నేను ఒక్కదాన్నే వెనక్కి తిరిగాను. రోడ్డు వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నానని కాసేపటికి గాని తెలియలేదు. వెనక ఏదో కారు హారన్ కొట్టింది. అలవాటుగా ఆగాను. చెయ్యి అడ్డం రాలేదు.