వీపు గాలికి, ఎడమ చెయ్యి సముద్రానికి

మా కరెంటు లైన్ల గ్యాంగు మేస్త్రీ పోయాడు. నేను ఆళ్లగడ్డ శివార్లలో స్తంభం మీద ఉండగా ఫోను మోగింది. మోగనిచ్చాను. పైన ఉన్నప్పుడు ఫోను తీయొద్దని నేర్పింది ఆయనే. దిగి చూస్తే ఆయన కొడుకు. "నాయన ఇంగ లేడన్నా" అన్నాడు. నంద్యాల ఆసుపత్రిలో పొద్దున్నే టీ అడిగాడంట. టీ వచ్చేలోపే గుండె ఆగింది.

పది నిమిషాలకు ఇంకో ఫోను, ఆఫీసు నుంచి. బంగాళాఖాతంలో తుఫాను, రేపు మా గ్యాంగు కోస్తాకు లారీ ఎక్కాలి. మేస్త్రీ పోయాడని చెప్పాను. "అట్లయితే గ్యాంగును నువ్వే చూస్కోప్పా" అన్నారు. ముప్పై ఏళ్లు కాంట్రాక్టు కిందే స్తంభాలెక్కిన మనిషికి దక్కింది ఆ ఒక్క ముక్క. నాకు కడుపు మండింది. అందుకే రాస్తున్నాను.

తుఫానుకూ మాకూ ఏం సంబంధమని మీరనుకోవచ్చు. మా ఊళ్లో తూర్పుకు తిరిగితే కనిపించేది నల్లమల, సముద్రం కాదు. కానీ కోస్తాలో స్తంభాలు వరసగా కూలితే లేపడానికి అక్కడి మనుషులు చాలరు. మాలాంటి వాళ్లను లారీల్లో తోలుకుపోతారు. మేం లేపాక లైట్లు వెలుగుతాయి. స్విచ్చు దగ్గర ఇంకెవరో ఫొటో దిగుతారు.

మేస్త్రీ చదివింది ఐదో తరగతి. అయినా తుఫాను గురించి ఆయన చెప్పినట్టు నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. లారీలో అన్నం క్యారియరు మూత తీసి, ఆవిరి చూపించేవాడు. "సముద్రం బాగా కాగాల. ఆవిరి పైకి పోతాంటే కింద ఖాళీ అయితాది. ఆ ఖాళీలోకి చుట్టూ ఉండే గాలి దూరుతాది. భూమి తిరుగుతాంది గదా, నేరుగా పోలేక సుడి పడతాది. ఆవిరే దానికి కూడు. నేల మీదికొస్తే కూడు దొరకదు, సచ్చిపోతాది."

"మరి మన పత్తిని ముంచేది ఏంది?" అని అడిగాను.

"సచ్చేది సక్కగా సస్తాదా? మోసుకొచ్చిన నీళ్లన్నీ ఈడ కుమ్మరిచ్చి సస్తాది."

కోస్తాలో లారీ దిగగానే గాలికి వీపు పెట్టి, ఎడమ చెయ్యి చాపి నిలబడేవాడు. "ఏం మేస్త్రీ, బస్సు ఆపుతాండావా?" అని మేం ఎగతాళి చేసేవాళ్లం. నవ్వేవాడు కాదు. "తుఫాను నట్టనడిమి ఆ చెయ్యి పక్కనుంటాది. గుర్తుపెట్టుకోండి" అనేవాడు. లైనుకు సరఫరా ఇచ్చే ముందు, పైన ఎవరూ లేరని తెలుసుకోవడానికి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవాడు. చెయ్యెత్తితే ఒప్పుకునేవాడు కాదు, నోటితో పలకాలి.

మూడేళ్ల కిందట నేను మొదటిసారి వెళ్లింది ఒక బెస్తల ఊరికి. పొద్దుటి నుంచి ఉత్తరపు గాలి ఊళ్లో పెంకులన్నీ లేపేసింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎండ కూడా కాసింది. జనం పడవలు చూసుకోవడానికి బయటికొచ్చారు. పక్కనే చిన్న ఆసుపత్రి. లోపల ఒకామె నొప్పులు పడుతోంది, జనరేటరులో డీజిల్ అయిపోయింది. గాలి ఆగింది కదా, మనిషిని స్తంభం ఎక్కించండని ఇంజనీరు ఫోనులో చెప్పాడు. నేను నడుం బెల్టు కట్టి సగం స్తంభం ఎక్కేశాను.

"దిగు" అన్నాడు మేస్త్రీ.

"లోపల ఆడమనిషి అరుస్తాంది, ఇనపడలేదా? గాలి పోయింది గదా."

"పోలేదు. దాని కంట్లో, నట్టనడిమిలో ఉండాం మనం. దిగు."

"భయమైతే నువ్వు లోపలికి పో."

బెల్టుకున్న తాడు పట్టి కిందికి లాగాడు. దిగగానే చెంప పగిలేలా కొట్టాడు. తర్వాత ఒడ్డుకు పోతున్న జనం మీద అరిచాడు. వాళ్లు నిలబడిపోయి చూశారు. ఒక ముసలి బెస్తామె మాత్రం, "ఆయన చెప్పింది నిజమేరా, ఇంకా సగం రావాలి, పదండి" అని అందరినీ వెనక్కి తోలింది.

లారీ బ్యాటరీ ఊడదీసి లోపలికి మోశాం. మేస్త్రీ దానికి హెడ్‌లైటు బల్బు కట్టాడు. ఆ వెలుగులోనే కాన్పయింది, ఆడపిల్ల. పిల్ల ఏడుపు వినపడేసరికి దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. నేనెక్కిన స్తంభం జొన్నదంటులా మధ్యకు విరిగింది.

మర్నాడు ఆ గుంటలోనే కొత్త స్తంభం పాతుతూ చెప్పాడు. చాలా ఏళ్ల కిందట ఇట్లాగే గాలి ఆగినప్పుడు ఆయన జతగాడు స్తంభం ఎక్కాడు. మళ్లీ ప్రాణంతో దిగలేదు. "ఎక్కమన్నది నేనే. మన ఊర్లో గాలి ఆగితే అయిపోయినట్టే గదా. ఆడ కూడా అంతే అనుకుంటి." పార అందుకుని మట్టి తోశాడు.

ఈ రోజు పొద్దున ఆళ్లగడ్డలో, చర్చి వాళ్ల సమాధుల తోటలో, ఆయన్ను పెట్టాం. గ్యాంగులోకి కొత్తగా వచ్చిన ఇద్దరు బట్టల సంచులతో నేరుగా అక్కడికే వచ్చారు. ఇద్దరూ సముద్రం చూడలేదు. గాలి ఆగితే వీళ్లను దిగమనాల్సింది ఇక నేను. పాస్టరు ప్రార్థన ముగించేసరికి ఉత్తరపు గాలి లేచింది. పెట్టె మీద చల్లిన పూలు ఎగిరిపోతున్నాయి.

"గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడం చెయ్యి చాపండి" అన్నాను.

"సమాధి కాడ ఇదేందన్నా?"

"చాపురా."

చాపారు. నా చెయ్యితో కలిపి మూడు చేతులూ నల్లమల వైపు చూపిస్తున్నాయి. ఆ కొండల అవతలెక్కడో సముద్రం కాగుతోంది.

"గాలి ఆగితే ఏం చేయాల?"

"దిగాలన్నా."

"మల్లా చెప్పు."

"దిగాల."

మేస్త్రీ కొడుకు మట్టి చేతులు దులుపుకుని మావైపే చూస్తున్నాడు. వచ్చి నా పక్కన నిలబడి ఎడమ చెయ్యి చాపాడు. రోడ్డు మీద లారీ రెండుసార్లు హారన్ కొట్టింది. ఎవరమూ చెయ్యి దించలేదు.