జేజికి పడిన తిట్లు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. నెత్తికి తెల్లటోపీ వచ్చిన మొదటి ఏడాది. సెలవుకు జమ్మలమడుగు వస్తే మా వీధిలో కనిపించిన వాళ్లందరి చేతా నాలుక చాపించి చూసేదాన్ని. అంత గీర నాకు.

మా నాన్నను కన్న జేజికి ఆ నేతగాళ్ల వీధిలో గొప్ప పేరు. మగ్గం మీద పడుగు అయిపోతే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలేస్తే, అతుకెక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఆ పనికి అందరూ జేజినే పిలిచేవాళ్లు. ఆ సెలవుల్లో వచ్చేసరికి ఆమె వసారాలో ఊరికే కూర్చుని ఉంది. ఊరికే కూర్చున్న జేజిని నేనంతకు ముందు చూడలేదు.

"కండ్లకు పొగ కమ్మినట్లుండాది పాపా," అంది.

"వయసు మీద పడింది కదా జేజీ, అంతే," అన్నాను పెద్ద తెలిసినదాన్లా.

"ఈ మాట చెప్పేదానికి మీ ఆస్పత్రిలో అన్నేండ్లు నేర్పిస్తాండారా?" అంది.

మరునాడే ఆమెను ప్రొద్దుటూరు బస్సెక్కించాను.

ఆస్పత్రి చీటీ నేనే రాశాను. వయసు అన్న చోట, ఆమెను అడగనైనా అడక్కుండా, తెల్లజుట్టు చూసి ఎనభై అని వేసేశాను. కంటి డాక్టరు కుర్రవాడు, మంచివాడే. చీటీ చూశాడు, జేజి రెప్పలెత్తి చూశాడు.

"పొర కమ్మింది. ఎనభై ఏళ్లకు ఆపరేషన్ ఎందుకు? ఇంటి దగ్గర బాగా చూసుకోండి. ఈ వయసులో చూపుతో ఆమెకేం పని?"

ఆ మాట నాతో అన్నాడు. జేజి చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

"చూపుతో నీకేం పనప్పా?" అని అడిగింది.

ఆయన తడబడ్డాడు. "నేను పని చేసుకోవాలి కదమ్మా."

"నాకూ పనే."

బొడ్లోంచి రెండు పోగులు తీసి, ఆయన బల్ల మీదే అతికి, లాగమంది. లాగాడు. పోగు మరోచోట తెగింది గానీ అతుకు ఊడలేదు.

"ఇది తడిమి చేస్తా. రంగే తెలీడంల్యా. పోయిన నెల ఒకరి మగ్గానికి, అంచులో ఎర్రపోగుల తావున నల్లపోగులు అతికినా. చీర చెడిపాయ. ఆ యింటోళ్లు ఒక్క మాట అనల్యా. ముసల్ది కదాని ఊరుకున్న్యారు. మళ్లా పిలవల్యా." జేజి తెగిన పోగును తడిమి వెనక్కి తీసుకుంది. "తిట్టింటే శానా బాగుండునప్పా."

నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో మేమందరం ఆమెతో ఎంత మెత్తగా మాట్లాడుతున్నామో అప్పుడు తెలిసింది.

డాక్టరు మొదటిసారి ఆమె వైపు తిరిగి, "మీ వయసెంతమ్మా?" అన్నాడు.

"మా పెద్దోనికి నలభై ఆరు. వాడు పుట్నప్పుడు నాకు పద్దెనిమిది. నువ్వే కూడుకో."

పదహారేళ్లు ఉత్తపుణ్యానికి ఆమె నెత్తిన పెట్టాను! ఆయన నా వైపు ఒక చూపు చూసి ఎనభై కొట్టేశాడు. దాని పక్కన అరవై నాలుగు వేయలేదు. "పోగులు అతుకుతుంది, రంగులు కనపడాలి" అని రాశాడు. ఆ తర్వాత ఎనభై దాటినవాళ్లు నిజంగానే వచ్చినా, ముందు మీరేం పని చేస్తారని అడగడం నాకు అలవాటైపోయింది.

ఆపరేషన్ అయ్యాక తల కదలకుండా రెండు వైపులా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టాం. జేజి తల కదల్చలేదు. చేతులు ఊరుకుంటేనా! కట్టు విప్పేనాటికి దుప్పటి అంచు పోగులన్నీ జతలు జతలుగా అతికి ఉన్నాయి. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని మొదట నన్నే చూసి, "ఏందే, ఇంత నల్లబడ్న్యావు!" అంది. వార్డంతా నవ్వింది.

మళ్లీ సెలవుకు వెళ్లేసరికి జేజి ఇంట్లో లేదు, పనికి పోయిందన్నారు. పొద్దుగూకే వేళకు వీధి మొదట్నుంచే నవ్వుకుంటూ వచ్చింది.

"ఏమైంది జేజీ?"

"రెండు పోగులు దాటేసినానంట పాపా! ఆ యింటాయన ఎంతగా తిట్న్యాడో తెలుసునా? కండ్లు యాడ పెట్టుకున్న్యావు అన్న్యాడు!"

రాత్రి అన్నం తినేటప్పుడు ఆ తిట్లన్నీ మాకు మళ్లీ మొదట్నుంచి చెప్పింది.